పొగతోటలో కౌన్సెలింగ్: ఆరు నెలలు వెళ్లాక రాస్తున్నా

కావలి నుంచి నెల్లూరుకి బస్సులో వెళ్లి, పొగతోటలో ఒక కౌన్సెలింగ్ సెంటర్‌లో ఆరు నెలల్లో పద్నాలుగు సెషన్లు తీసుకున్నాను. నాలా పుట్టినప్పుడు అబ్బాయని రాయించుకుని లోపల అమ్మాయిగా బతికేవాళ్లు ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలియక నలిగిపోతుంటారు, అందుకే వివరంగా రాస్తున్నా.

అంతకుముందు అమ్మ వేరే ఊళ్లో ఒక డాక్టర్‌కి చూపిస్తే, పెళ్లి చేయండి సర్దుకుంటుంది అన్నాడు. ఇక్కడ మేడం మొదటి రోజే, "నువ్వు అమ్మాయివి అనుకోవడం జబ్బు కాదమ్మా, దాన్ని మార్చడం నా పని కాదు, దాచుకోవడానికి ఇన్నేళ్లు ఏం పాట్లు పడ్డావో చూద్దాం" అన్నారు. ఆ "అమ్మా"కే నాకు ఏడుపొచ్చింది.

ఆవిడ చేసేది స్కీమా థెరపీ, జెఫ్రీ యంగ్ అనే అమెరికా సైకాలజిస్ట్ తెచ్చిన పద్ధతి. చిన్నప్పుడు ఇంట్లో, బడిలో మన గురించి మనలో నాటుకుపోయిన నమ్మకాలే స్కీమాలు, 18 రకాలట. 90 వాక్యాలిచ్చి ఒక్కోటి నాకు ఎంత వర్తిస్తుందో 1 నుంచి 6 దాకా మార్కులు వేయమన్నారు. నాకు బాగా ఎక్కువ వచ్చింది "నాలో లోపం ఉంది, తెలిస్తే ఎవరూ దగ్గరికి రానివ్వరు" అనేది. ఏడో తరగతిలో నా నడక చూసి క్లాసంతా నవ్వితే సార్ కూడా నవ్విన రోజు గుర్తొచ్చింది.

ఆ నొప్పి తగలకుండా మనం మూడు దారులు పడతామట: లొంగిపోవడం, తప్పించుకోవడం, ఎదురుతిరిగి అతి చేయడం. నేను మూడూ చేశాను. పెళ్లిచూపులకి తలూపాను. రొట్టెల పండక్కి ఇంటిల్లిపాదీ వెళ్తే తలనొప్పని పడుకున్నాను, అద్దం చూడటమే మానేశాను. మధ్యలో రెండేళ్లు గడ్డం పెంచి, జిమ్‌కెళ్లి, చెల్లెలి మీద అరుస్తూ మగాణ్నని చూపించుకున్నాను, దానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. మేడం తిట్టలేదు, అప్పుడు అవే నిన్ను కాపాడాయి అన్నారు. ఇంకో మాట కూడా చెప్పారు, జనం వెక్కిరిస్తారన్న నీ భయం ఉత్త భ్రమ కాదు, నిజంగానే వెక్కిరిస్తున్నారు, కాబట్టి ఎక్కడ జాగ్రత్త పడాలి, ఎక్కడ అక్కర్లేదు అనేది విడదీసుకోవాలని. నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఇదే. ఏడో తరగతిలో ఉన్న నేనే ఎదురుగా ఖాళీ కుర్చీలో కూర్చున్నట్టు ఊహించుకోమని, ఆ పిల్లతో మాట్లాడించిన రోజు మాత్రం ఇంటికొచ్చి రెండు రోజులు లేవలేకపోయాను, అలాంటి సెషన్ ఉంటే మర్నాడు సెలవు పెట్టుకోండి.

బాగా లేనివి కూడా ఉన్నాయి. రిసెప్షన్‌లో నిండు హాల్లో పాత పేరు పెట్టి గట్టిగా పిలిచారు, వద్దని చెప్పాక కూడా ఇంకోసారి పిలిచారు, మూడోసారికి టోకెన్ నంబర్‌తో పిలవడం మొదలుపెట్టారు. ఆ 90 వాక్యాలన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి, మేడం పక్కన కూర్చుని తెలుగులో చెప్పారు కాబట్టి సరిపోయింది.

ఫీజు 50 నిమిషాలకి 700. శనివారం బాగా రష్, మామూలు రోజుల్లో పొద్దున పూట వెళ్లండి. ఇంట్లోవాళ్లు వస్తామంటే ముందే చెప్పండి, విడిగా టైం ఇస్తారు. మా అమ్మతో మేడం గంటసేపు మాట్లాడారు, దానికి డబ్బులు తీసుకోలేదు.