పాత మౌంటెన్ బైక్: మూడు చైన్‌రింగ్‌లు ఉంచాలా, ఒక్కదానికి మార్చాలా?

నా పాత 26 అంగుళాల మౌంటెన్ బైక్‌ని ఈ మధ్యే ఒకే చైన్‌రింగ్‌కి (పెడళ్ళ దగ్గరుండే పళ్ళచక్రానికి) మార్చుకున్నాను. అప్పటి నుంచి కలిసి తొక్కేవాళ్ళు కనిపించినప్పుడల్లా ఒకటే ప్రశ్న: "మాది కూడా మార్చేయమంటావా?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకన్నా రాసి పెడితే నయమనిపించింది. నాది ముందు 44, 32, 22 పళ్ళ మూడు రింగులు, వెనక 9 గేర్ల 11-34 క్యాసెట్ (వెనక చక్రం పళ్ళచక్రాల గుత్తి, చిన్నదానికి 11 పళ్ళు, పెద్దదానికి 34). ఆ కాలపు బైకులు చాలావరకు ఇలాంటివే కాబట్టి ఈ లెక్కనే పట్టుకుని చెబుతాను.

అందరూ ముందు అడిగేది "ఎన్ని గేర్లు పోతాయి?" అని. 27 కాస్తా 9 లేదా 10 అవుతాయంటే కంగారు సహజం. కానీ ఆ 27లో చాలా గేర్లు ఒకదానికొకటి నకళ్ళే. మధ్య రింగు పెట్టి వెనక 17 పళ్ళ మీద తొక్కినా, పెద్ద రింగు పెట్టి 23 పళ్ళ మీద తొక్కినా కాళ్ళకి తేడా తెలియదు. గేర్ల సంఖ్య గురించి దిగులు వద్దు.

నా దృష్టిలో తేల్చాల్సింది ఒకే ఒక్క అంకె. అది మీ బైక్‌లో అన్నిటికన్నా తేలిక గేరు. ముందు పళ్ళని వెనక పళ్ళతో భాగించండి. 22ని 34తో భాగిస్తే 0.65. అంటే పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం ముప్పాతిక చుట్టు కూడా తిరగదు. నిటారు మట్టిదారిలో, కాళ్ళలో సత్తువ అయిపోయాక, సీటు మీద నుంచి లేవకుండా పైకి చేర్చేది ఈ గేరే. మార్చాక కూడా అంకె 0.65 దగ్గరే ఉంటే ఆ మార్పు మంచిది. ఉండకపోతే మిగతా లాభాలు ఎన్ని చెప్పినా నాకు నచ్చవు.

అందరికీ మొదట తట్టే దారి ఇది: పెద్ద రింగు, చిన్న రింగు విప్పేసి మధ్యదొక్కటే ఉంచడం, వెనక ఏమీ ముట్టుకోకపోవడం. నేనూ మొదట అదే చేశాను. రాళ్ళ దిగుడులో మొదటి పది నిమిషాల్లోనే చైన్ రెండుసార్లు ఊడింది. కారణం ఆ రింగులోనే ఉంది. మధ్య రింగు పళ్ళని పొట్టిగా, పక్కల వాలుగా చెక్కుతారు, చైన్ పక్క రింగు మీదికి సులువుగా దూకాలని. దూకడానికి చేసిన దాని మీద చైన్ నిలబడమంటే ఎలా నిలబడుతుంది? ఒంటి రింగుకి నారో-వైడ్ పళ్ళే కావాలి. చైన్‌ని దగ్గరగా చూస్తే ఒక లింకు లోపల సందు ఇరుకు, దాని పక్క లింకులో వెడల్పు. పళ్ళు కూడా అలాగే ఒకటి సన్నం, ఒకటి లావు. లావు పన్ను వెడల్పు సందులో నిండుగా కూర్చుంటుంది కాబట్టి చైన్ అటూ ఇటూ కదలదు. 2012లో శ్రామ్ కంపెనీ ఎక్స్ఎక్స్1 గేర్ల సెట్టు వచ్చాక ఈ పద్ధతి అందరికీ పాకింది. అంతకుముందు ఒంటి రింగు వాడేవాళ్ళకి చైన్ ఊడకుండా కాచే చైన్ గైడే దిక్కు.

నారో-వైడ్ రింగు వేశాక చైన్ ఊడటం బాగా తగ్గింది. కానీ అంకె చూడండి: 32ని 34తో భాగిస్తే 0.94. పాత తేలిక గేరు కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు గట్టి. సమతలంలో తొక్కేవాళ్ళకి ఇది చాలు, డబ్బు కూడా ఆదా. మిట్టలున్న చోట మాత్రం దిగి నెట్టుకోవాల్సిందే.

రెండో దారి, పాత డీరైలర్ (చైన్‌ని ఒక పళ్ళచక్రం నుంచి ఇంకోదాని మీదికి జరిపే భాగం) ఉంచి వెనక 11-40 లేదా 11-42 క్యాసెట్ వేయడం. 34 పళ్ళకని చేసిన డీరైలర్ 42కి అందదు. డీరైలర్‌ని పళ్ళచక్రాల నుంచి దూరం జరిపే బీ-స్క్రూ చివరిదాకా బిగించినా, దాని పై పుల్లీ (చైన్ నడిచే చిన్న చక్రం) పెద్ద పళ్ళచక్రాన్ని రాసుకుంటుంది. అందుకని హ్యాంగర్ (డీరైలర్‌ని ఫ్రేమ్‌కి బిగించే చోటు) దగ్గర ఒక ఎక్స్‌టెండర్ లింక్ పెట్టి డీరైలర్‌ని కిందికి దించుతారు. పని జరుగుతుంది. కానీ చిన్న పళ్ళచక్రాల దగ్గరికి వచ్చేసరికి పుల్లీ బాగా దూరమైపోయి గేరు బద్ధకంగా పడుతుంది. పాత డీరైలర్‌లో చైన్ ఎగరకుండా బిగువుగా ఉంచే క్లచ్ కూడా ఉండదు. 32/42 అంటే 0.76. బాగా మెరుగే, కానీ సగం దారిలో ఆగినట్టు.

నేను చివరికి ఎంచుకున్నది మూడోది: 10 గేర్ల షిఫ్టర్ (గేరు మార్చే మీట), క్లచ్ ఉన్న డీరైలర్, 11-48 క్యాసెట్, ముందు 30 పళ్ళ నారో-వైడ్. మైక్రోషిఫ్ట్ అడ్వెంట్ ఎక్స్ ఇలాంటి సెట్టే. 30ని 48తో భాగిస్తే 0.625. పాత 22/34 కంటే కూడా తేలిక! ఈ లెక్క చూశాకే నా అనుమానాలన్నీ పోయాయి. పైగా పాత 9 గేర్ల ఫ్రీహబ్ (వెనక హబ్‌లో క్యాసెట్ ఎక్కే భాగం) మీదే ఈ క్యాసెట్ కూర్చుంటుంది, వెనక చక్రం మార్చక్కర్లేదు. 104 బీసీడీ (బోల్టుల వలయం వ్యాసం 104 మిల్లీమీటర్లు) నాలుగు బోల్టుల క్రాంక్‌కి (పెడల్ చేతులూ రింగులూ ఉండే భాగానికి) 30 పళ్ళ రింగు దొరుకుతుంది, అంతకంటే చిన్నది ఆ బోల్టుల మీద పట్టదు. ఒంటి రింగుకి పొట్టి బోల్టులు వేరే ఉంటాయి, పాత పొడవాటివి బిగుసుకోవు. షిఫ్టర్, డీరైలర్, క్యాసెట్ మూడూ కలిపి కొనండి. 9 గేర్ల షిమానో డీరైలర్‌కి 10 గేర్ల షిఫ్టర్ తగిలిస్తే కేబుల్ లాగే కొలత కుదరక గేర్లు తప్పుతాయి.

బిగించాక ఒక పరీక్ష తప్పకుండా చేయండి. బైక్‌ని స్టాండ్ మీద పెట్టి, 48 పళ్ళ మీద చైన్ వేసి, పెడల్ వెనక్కి తిప్పండి. నాది సగం చుట్టుకే 'టక్'మని 40 మీదికి జారింది. రింగు ఫ్రేమ్‌కి మరీ దూరంగా ఉండి చైన్ బాగా వంకరగా నడుస్తోందన్నమాట. మొదట రింగుని, బోల్టులు పట్టే క్రాంక్ చేతుల బయటి వైపు బిగించాను, తప్పు అక్కడుంది. పాత మధ్య రింగు ఉండే లోపలి వైపుకి మార్చాను. అప్పటికీ అప్పుడప్పుడు జారుతుంటే, బాటమ్ బ్రాకెట్ (క్రాంక్ ఇరుసు తిరిగే బేరింగుల భాగం) కుడి పక్కనున్న 2.5 మిల్లీమీటర్ల స్పేసర్ ఒకటి తీసి ఎడమ పక్కన వేశాను. క్రాంక్ అంతా అంతమేర లోపలికి జరిగింది, జారడం ఆగింది. రెండు పెడల్ చేతులూ, రింగు పళ్ళూ ఫ్రేమ్‌కి తగలట్లేదని చూసుకున్నాకే గట్టిగా బిగించండి. ఇది బయటి బేరింగుల క్రాంక్ సంగతి. చతురస్రపు ఇరుసు ఉన్నవాటికి పొట్టి ఇరుసు బాటమ్ బ్రాకెట్ వేయాలి.

పోయేది ఏమిటంటే, పై వేగం. నిమిషానికి 90 చుట్లు తొక్కితే 44/11తో గంటకి 44 కిలోమీటర్ల దాకా వెళ్ళేవాడిని, ఇప్పుడు 30/11తో 30 దగ్గరే కాళ్ళు ఖాళీగా తిరుగుతాయి. తారురోడ్డు మీద దూరాలు తొక్కేవాళ్ళు, గుంపుతో పోటీగా వెళ్ళేవాళ్ళు మూడు రింగులే ఉంచుకోండి. ముందు డీరైలర్ కేబుల్ కొత్తది వేయించి, అరిగిన రింగు మారిస్తే అది ఇంకా ఏళ్ళ తరబడి పనిచేస్తుంది. నేను మట్టిదారుల్లోనే తొక్కుతాను. ఎడమ చేతికి పని లేకపోవడం, మిట్ట మొదట్లో ముందు గేరు పడుతుందా లేదా అన్న టెన్షన్ పోవడం నాకు ఆ 14 కిలోమీటర్ల కంటే ఎక్కువ.

పెద్ద రింగు తీసేసి బాష్ గార్డ్ (రాళ్ళ దెబ్బ నుంచి రింగుల్ని కాచే పళ్ళు లేని చక్రం) పెట్టి రెండు రింగులతో నడిపేవాళ్ళూ ఉన్నారు, అదీ బాగానే ఉంటుంది. షిమానో డియోర్ 11 గేర్ల 11-51 కూడా పాత ఫ్రీహబ్ మీదే పడుతుంది, 32 రింగుతో 0.63 వస్తుంది. ఖర్చు పెట్టగలిగితే మంచి ఎంపికే. 10 పళ్ళతో మొదలయ్యే 12 గేర్ల క్యాసెట్లకి ఫ్రీహబ్ బాడీయే మార్చాలి. పాత బైక్ మీద అంత పెట్టడం నాకైతే నచ్చదు.

ఏదైనా కొనేముందు వెనక చక్రం ఒక్కసారి విప్పి చూడండి. మరీ పాత 7 గేర్ల బైకులు కొన్నిటిలో క్యాసెట్ బదులు మరమీద తిప్పి బిగించే ఫ్రీవీల్ ఉంటుంది. అలాంటి హబ్ మీద ఈ క్యాసెట్లేవీ పట్టవు, చక్రంతో సహా మార్చాల్సి వస్తుంది.