ఫోన్‌కి తగిలించే మాక్రో లెన్స్: రెండున్నరేళ్లు వాడాక చెప్తున్నా

కొన్న మొదటి నెల్లోనే దీనికి 5 స్టార్లిచ్చి "సూపర్, చీమ మీసాలు కూడా కనిపిస్తున్నాయి" అని రాశాను. అబద్ధమేం కాదు, చీమ మీసాలు ఇప్పటికీ కనిపిస్తాయి. కాకపోతే నేను కొన్నది చీమల కోసం కాదు, మా మిద్దెతోటలో కాయల్ని పొడిచే ఈగ ఏదో తెలుసుకుందామని, ఆ పనిలో ఇది నన్ను పెట్టిన తిప్పలు చెప్పకపోతే కొత్తగా కొనేవాళ్లకి అన్యాయం.

దీంట్లో ఫోకస్ అయ్యేది వెంట్రుకవాసి మందం. తల బాగా వస్తే వీపు మసక, వీపు వస్తే రెక్క మసక. పైగా 2 సెంటీమీటర్ల దగ్గరికి ఫోన్ పట్టుకెళ్లాలి, అంత దగ్గరికెళ్తే ఏ ఈగ కూర్చుంటుంది చెప్పండి? దొరికిన ఒక్క క్షణంలో పక్క నుంచో వెనక నుంచో ఏదో ఒకటి తీసేసి అదే గొప్ప అనుకుంటాం.

పోయినేడు బీర పందిరి దగ్గర జరిగింది ఇదే. అంతకుముందు ఏడాది డ్రమ్ములో ఉన్న జామకి ఈగ పడితే మిథైల్ యూజినాల్ ట్రాప్ (మగ ఈగల్ని వాసనతో రప్పించి పట్టే ఎర) పెట్టాను, బాగా పనిచేసింది. బీర పిందెలు పుచ్చిపోతుంటే కూడా అలాంటి ఈగే కనిపించింది, గోధుమరంగు ఒళ్లు, పొట్ట మీద నల్లగా 'టి' ఆకారంలో మచ్చ. ఫోటో పెడితే పేరు చెప్పే యాప్ ఒకటుంది నా ఫోన్లో, అదీ జామ ఈగ పేరే చెప్పింది (ఇదే యాప్ ఒకసారి ఈగని కందిరీగ అంది, అప్పుడే బుద్ధి రావాల్సింది). సరేనని పందిరికి ఇంకో రెండు అవే ట్రాపులు కట్టాను. తమాషా ఏంటంటే వాటిల్లో ఈగలు పడుతూనే ఉన్నాయి! పడుతున్నాయి కదా అని నేను సంతోషం, పిందెలు మాత్రం రాలుతూనే ఉన్నాయి, కోసి చూస్తే లోపల పురుగులు. ఇలా మూడు వారాలు.

మా తమ్ముడు ఎంటమాలజీ, అంటే పురుగుల శాస్త్రం చదివాడు. వాడికి నా 14 ఫోటోలూ పంపితే, "అక్కా, వీపు మధ్యలో పసుపు గీత ఉందా లేదా?" అని ఒక్కటే అడిగాడు. 14 ఫోటోల్లో ఒక్కటీ పైనుంచి తీసింది లేదు. "ఆ 'టి' మచ్చ రెండిటికీ ఉంటుందక్కా, ఈ ఫోటోలతో నేనూ చెప్పలేను" అన్నాడు. పొద్దున్నే వెళ్లి ప్లాస్టిక్ కప్పు బోర్లించి ఒకదాన్ని పట్టి, మూతపెట్టి ఫ్రిజ్‌లో పది నిమిషాలుంచితే మత్తుగా అయిపోయింది, తెల్ల కాగితం మీద పెట్టి పైనుంచి తీశాను. వీపుకి అటూఇటూ రెండు పసుపు గీతలు, మధ్యలో మూడోది. జామ ఈగకి ఆ మధ్యగీత ఉండదు. ఇది బీర, కాకర, పొట్లని పట్టే ఈగ, దీని మగవి క్యూ లూర్ అనే ఇంకో వాసన ఎరకి వస్తాయి గానీ మిథైల్ యూజినాల్‌ని పట్టించుకోవు. మరి మూడు వారాలు ట్రాపుల్లో పడ్డవి? నాలుగడుగుల దూరంలో ఉన్న జామ చెట్టువి!

లూర్ మార్చాక కాస్త నయం, కాస్తే, ఎందుకంటే అందులో పడేవి మగవి, పొడిచేది ఆడది. రాలిన పిందెలన్నీ ఏరి పారేసి, మిగతావాటికి పాత పేపరు సంచులు కట్టాకే నాలుగు కాయలు తిన్నాం.

అయితే ఆ తెల్ల కాగితం పుణ్యమా అని లెన్స్ అసలు మంచితనం తెలిసింది, రెక్క. రెక్క పల్చగా ఉంటుంది కదా, కాగితం మీద పరుచుకుంటే మొత్తం ఒకేసారి ఫోకస్‌లోకి వస్తుంది. జామనీ మామిడినీ పట్టే ఈగల్లో డోర్సాలిస్, జొనాటా, కరెక్టా అని మూడు రకాలున్నాయి. డోర్సాలిస్‌కి రెక్క ముందంచు పొడుగునా సన్నని గోధుమ పట్టీ, జొనాటాకీ కరెక్టాకీ పట్టీ మధ్యలో తెగి చివర ఒక చుక్క. బీర ఈగకి ఆ చివర పెద్ద మచ్చ, లోపల ఒక ఈనె మీద పొగ పట్టినట్టు ఇంకో గీత. మొదటిసారి చూసినప్పుడు మా ఆయన్ని నిద్రలేపి మరీ చూపించాను.

ట్రాపులో ఎండిపోయినవాటితో మాత్రం పెట్టుకోకండి. డోర్సాలిస్ వీపు నల్లగా ఉంటుందంటారు, గోధుమగా ఉన్నవీ ఉంటాయట, ఎండాక అన్నీ ఒకే రంగు, నేను బోలెడన్ని జొనాటా అని లెక్కేసేశాను. కరెక్టాని పట్టాలంటే మొహం మీది మచ్చలు చూడాలంటాడు తమ్ముడు, ఈ లెన్స్‌తో రెండు మచ్చలూ ఒకే ఫోటోలో నాకు ఇంతవరకు రాలేదు. మన అవస్థ ఎంతలే, 2005లో ఆఫ్రికా ఈగకి ఇన్వాడెన్స్ అని పేరుపెట్టిన శాస్త్రవేత్తలే 2015లో అది డోర్సాలిసే అని కలిపేశారు.

కాబట్టి ఇప్పుడు 3 స్టార్లు, రెక్క కోసం మూడున్నర అనుకోండి. మామిడి తోటో జామ తోటో ఉన్నవాళ్లకి ఇంత గొడవ అక్కర్లేదేమో, ఆ మూడు ఈగలూ ఒకే లూర్‌కి వస్తాయి. నాలాగా జామా బీరా పక్కపక్కనే పెంచేవాళ్లకి, చెయ్యి వణకనివాళ్లకి పనికొస్తుంది. క్లిప్ రబ్బరు ఊడిపోయింది, రబ్బరుబ్యాండ్‌తో నడిపిస్తున్నా. ఇది టైప్ చేస్తుంటే ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన ఇంకో కప్పు ఉంది, మా ఆయన మూత తీయకముందే వెళ్లి ఫోటో తీసుకోవాలి.