పాప పుట్టిన ఏడాది వైన్ కోసం బోర్డో వెళ్లొచ్చాం

మా పాప 2022లో ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో పుట్టింది. చూడ్డానికి వచ్చిన పక్కింటి పెద్దావిడ, "ఈ ఏటి రెడ్ వైన్ కొని దాచండి, పిల్లకు పద్దెనిమిదేళ్లు వచ్చాక తెరవండి" అంది. ఇక్కడివాళ్లలో చాలామందికి ఆ అలవాటుంది. మాకూ నచ్చింది. కానీ రెడ్ వైన్‌కు పేరున్న బోర్డో చుట్టుపక్కల తయారయ్యే, దాచదగ్గ వైన్ పీపాల్లో ఏడాదో ఏడాదిన్నరో ఉండి, సీసాల్లోకెక్కి అంగడికి రావడానికి రెండేళ్లకు పైనే పడుతుంది. అందుకే 2025 అక్టోబరులో గానీ బయల్దేరలేదు.

తులూజ్ నుంచి బోర్డోకు రైల్లో రెండు గంటల పైచిలుకు. మొదటి రాత్రి సాన్-జాన్ స్టేషన్ దగ్గర హోటల్లో దిగాం. రైలుకు దగ్గర, అంతే. రాత్రంతా రోడ్డు చప్పుడుకు పాప నిద్రపోలేదు. చిన్నపిల్లలుంటే ట్రామ్ ఎక్కి గరోన్ నది వైపు వెళ్లి అక్కడే గది చూసుకోండి.

ఊళ్లో మొదట గ్రాండ్ థియేటర్ ఎదురుగా ఉన్న లాంతాందాన్ అనే దుకాణానికి వెళ్లాం. గుండ్రటి మెట్లు, చుట్టూ గోడల నిండా సీసాలు. పైకి ఎక్కేకొద్దీ ధర పెరుగుతుంది. బడ్జెట్ చెప్పి, ఇరవై ఏళ్లు దాచాలి అంటే ఓపిగ్గా మూడు పేర్లు రాసిచ్చారు. ఒక్కరోజే టైముంటే అక్కడే కొనేయొచ్చు. మాకు మాత్రం తాగి చూసి కొనాలని ఉంది.

మర్నాడు సాంత్-ఎమిలియోన్ వెళ్లాం. రైల్లో నలభై నిమిషాల లోపే. ఊరు ఎంత చెప్పినా తక్కువే. సున్నపురాతి ఇళ్లు, ఒకే కొండరాయిలో తొలిచిన చర్చి, 1999 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. చూడ్డానికి తప్పకుండా వెళ్లండి, కొనడానికి మాత్రం ఆచితూచి. ఒక దుకాణంలో ఖరీదైన సీసాలు ఎండ పడే అద్దం పక్కన నిలబెట్టి ఉన్నాయి. దాచుకోవాల్సిన వైన్‌కు ఎండ, వేడి రెండూ శత్రువులే. నెలల తరబడి నిలబెడితే బిరడా కూడా ఎండిపోతుంది. పైగా 2022 అడిగితే 2021 చూపించి "రెండూ ఒకటే" అన్నారు. ఒకటి కాదు. 2021లో ఏప్రిల్ మంచు దెబ్బ, చల్లటి వేసవి, కాబట్టి వైన్ తేలిక. 2022లో ఎండలు మండిపోయాయి, బోర్డో ఉన్న జిరోండ్ జిల్లాలో అడవులు తగలబడ్డాయి. ద్రాక్ష చిన్నగా, తోలు మందంగా కాసింది. ఎన్నాళ్లు నిలుస్తుందనేది అక్కడే తేడా వస్తుంది. మాకు మనసొప్పక బయటికొచ్చేశాం.

మూడో రోజు కారు అద్దెకు తీసుకుని బోర్డోకు ఉత్తరాన ఉన్న వైన్ తోటల ప్రాంతం మెదోక్ వెళ్లాం. అక్కడి పోయాక్ ఊరికి రైలుంది గానీ, గంటకు పైగా పడుతుంది, బళ్లు తక్కువ, దిగాక తోటల మధ్య నడవలేం. లాఫీట్, లాతూర్, మూతోన్ అనే పేరుమోసిన వైన్ తోటలు మూడూ పోయాక్‌లోనివే. 1855లో పారిస్ ప్రదర్శన కోసం బోర్డో వైన్లకు వేసిన వర్గీకరణలో అగ్రశ్రేణికి తర్వాత ఎక్కింది మూతోన్ ఒక్కటే, అదీ 1973లో. వాటి సీసా వందల యూరోలు. మేం ఉత్తరాన సాంత్-ఎస్తెఫ్‌లో ఒక చిన్న తోటకు ముందే మెయిల్ పెట్టి టైము తీసుకున్నాం. చెప్పకుండా వెళ్తే చాలాచోట్ల గేటు తెరవరు, ఆదివారమైతే మరీనూ. ఇక్కడి నేలలో గులకరాళ్ల కింద బంకమట్టి ఎక్కువ. అది తేమ పట్టి ఉంచుతుంది కాబట్టి ఆ ఎండల్లో కూడా తీగలు తట్టుకున్నాయట.

యజమానురాలు 2022 పోసింది. నల్లద్రాక్ష రంగు. ఒక్క గుక్కకే చిగుళ్లు బిగిశాయి, నాలుక గరుకెక్కింది. "అమ్మో, జామపిందె కొరికినట్టుంది" అంది మా ఆవిడ. ఆ వగరు గింజల నుంచి, తోలు నుంచి వస్తుంది, వైన్‌ను ఏళ్లపాటు నిలబెట్టేవాటిలో అదొకటి. పక్కనే అదే తోట 2010 పోసింది. అంచుల్లో ఇటుక రంగు, వాసనలో పొగాకు, తడిసిన ఆకులు. వగరు ఉంది గానీ పట్టుబట్టలా మెత్తబడింది. కొత్త ఆవకాయలో ఉప్పు, కారం, ఆవఘాటు వేటికవే తెలుస్తాయి చూడండి, ఊరాక గదా కలిసేది. అయితే వగరు ఒక్కటే చూసి కొనకూడదు. మింగాక పండు రుచి, పులుపు నోట్లో నిలవాలి. లేకపోతే ఇరవై ఏళ్లకు పండు పోయి వగరే మిగులుతుంది. ఈ 2022లో మూడూ ఉన్నాయి. పాతిక యూరోల చొప్పున నాలుగు సీసాలు, ఒక మాగ్నమ్ తీసుకున్నాం. మాగ్నమ్ అంటే లీటరున్నర. వైన్‌తో పోలిస్తే లోపల గాలి తక్కువ కాబట్టి నెమ్మదిగా ముదురుతుంది.

ఆ రాత్రి తోటల మధ్య ఒక ఇంట్లో అద్దె గదిలో ఉన్నాం. స్టేషన్ హోటల్ ధరే, పొద్దున ఇంటి జామ్‌తో బ్రెడ్. పాప హాయిగా నిద్రపోయింది. మళ్లీ వెళ్తే రాత్రులన్నీ అక్కడే.

హైదరాబాద్ ఫ్రెండ్ తనకూ రెండు తెమ్మన్నాడు. కస్టమ్స్‌లో రెండు లీటర్ల దాకా సుంకం లేదు, కాబట్టి రెండు సీసాలకు ఇబ్బంది లేదు. కానీ నలభై డిగ్రీల ఎండల్లో అల్మరాలో పెడితే రెండు మూడు వేసవులకే పాడవుతుంది. 12, 14 డిగ్రీల మధ్య, చీకట్లో, కదలకుండా, పడుకోబెట్టి ఉంచాలి. మామూలు ఫ్రిజ్ ఏళ్లతరబడి దాచడానికి పనికిరాదు, బాగా చల్లన, పొడి. మా అపార్ట్‌మెంట్ కింది గది కూడా ఆగస్టులో వేడెక్కుతుంది. అందుకే దాచడానికి వాడే వైన్ అల్మరా ఒకటి కొన్నాం. తాగేముందు చల్లబరిచే రకం వేరే ఉంటుంది, కొనేటప్పుడు అడిగి తీసుకోండి.

2032లో ఒకటి తెరిచి ఎలా ముదురుతోందో చూస్తాం, 2036లో ఇంకొకటి. మిగిలిన రెండూ, మాగ్నమూ పాపవి. మాగ్నమ్ మెడకు మా ఆవిడ చీటీ కట్టింది: పాప పేరు, కింద 2040.