పాచికల సిలికాన్ అచ్చు రెండేళ్లు వాడాక: మిఠాయికి రేటు కట్టే లెక్క కూడా

వైజాగ్‌లో బోర్డ్ గేమ్స్, కాస్‌ప్లే (సినిమా, గేమ్ పాత్రల్లా వేషాలు వేసుకోవడం) వాళ్ళు కలిసే మీట్లలో టేబుల్ తీసుకుని పాచికల ఆకారం చాక్లెట్లు అమ్ముతుంటాను. వాటికి వాడే 15 గుంటల అచ్చు ఇది. నిక్షేపంలా ఉంది, ధైర్యంగా కొనొచ్చు. కాకపోతే కొనేముందు గుంట సైజు చూసుకోండి, మీ రేటు చాలావరకు అక్కడే తేలిపోతుంది.

నాది 2 సెంటీమీటర్ల పాచిక, సుమారు 10 గ్రాముల చాక్లెట్ పడుతుంది. కాంపౌండ్ (కోకో బటర్ బదులు వేరే కొవ్వుతో చేసే చాక్లెట్) కిలో 400 అనుకుంటే సరుకు 4 రూపాయలు. చాలామంది ఇక్కడితో లెక్క ఆపేసి 15కో 20కో అమ్మేస్తున్నారు, చూస్తే బాధేస్తుంది. పాచికకి మొత్తం 21 చుక్కలు. ఇరవై అచ్చులోనే గుంటలుగా పడతాయి, పైకి తెరిచి ఉండే ముఖం మీద ఒక్క చుక్క చేత్తో పెట్టాలి. ఆ గుంటలన్నిట్లో టూత్‌పిక్ మొనతో తెల్ల చాక్లెట్ నింపి, పొంగింది తుడిచి, అంచులు గీకి, కవర్లో పెట్టేసరికి 15 పాచికల ట్రేకి గంట పడుతుంది. గంటకి 120 వేసుకున్నా ఒక్కోదానికి 8. కవరు, స్టిక్కరు 3. టేబుల్ అద్దె 1500 అయి 150 అమ్ముడుపోతే ఇంకో 10. మొత్తం 25 అయింది, విరిగినవీ మిగిలినవీ ఇంకా కలపనే లేదు. అందుకే "జత 50కి ఇవ్వండి" అంటే నేను ఇవ్వను. విడిగా 40, మూడైతే 100.

3 సెంటీమీటర్ల అచ్చు జోలికి మాత్రం పోకండి. సైజు ఒకటిన్నర రెట్లే, చాక్లెట్ మూడు రెట్లకు పైనే తాగుతుంది, 10 గ్రాములది 35 దాకా పోతుంది. కొనేవాళ్ళ కంటికి మాత్రం కొంచెమే పెద్దది, 60 అంటే మొహం తిప్పుకుంటారు.

ఇక మన ఊరి గాలి సంగతి. అసలు కోకో బటర్ ఉన్న చాక్లెట్ 34 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది, మే నెలలో టేబుల్ మీద నిలవదు, అందుకే కాంపౌండ్ వాడతాను, స్టిక్కర్ మీద ఆ మాట రాస్తాను కూడా. ఫ్రిజ్‌లోంచి తీసిన డబ్బాని వెంటనే తెరవొద్దు. సముద్రపు తేమ చల్లటి చాక్లెట్ మీద చెమటలా పట్టి, పైన పంచదార కరిగి, ఆరాక తెల్లటి పొర కడుతుంది. మూత తీయకుండానే గది వేడికి రానివ్వండి. అనకాపల్లి బెల్లంతో కొబ్బరి లౌజు కూడా ఈ అచ్చులో వేసి చూశాను, రుచి అద్భుతం, కానీ అంచులు తేలవు, చుక్కలు అసలు కనపడవు. పైగా అది ఎక్కువ రోజులు ఆగే సరుకు కాదు. ఆర్డర్ మీద అయితేనే చేస్తాను.

అమ్మేముందు ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ తీసుకోండి, ఇంట్లో చేసి అమ్మేవాళ్ళకీ అది ఉండాల్సిందే, నేను తీసుకున్నప్పుడు ఫీజు ఏడాదికి 100 రూపాయలే.

అచ్చు నాణ్యతకి ఒక చిన్న పరీక్ష ఉంది: మెలిపెట్టి చూడండి, మడత దగ్గర తెల్లబడితే కల్తీ సిలికాన్ అయి ఉండొచ్చు. ఇది తెల్లబడదు. వాసన మాత్రం పట్టేస్తుంది, పుదీనా ఎసెన్స్ వాడిన అచ్చుని దానికే వదిలేశాను. రెండోది కొనేటట్టయితే ఇదే సైజు కొనండి, ఒకటి ఫ్రిజ్‌లో గట్టిపడేలోగా ఇంకోదాన్లో చుక్కలు నింపుకోవచ్చు.