పరలోకంలో పాపం: చేయలేమా, చేయమా?

నరసాపురంలో ఆదివారం ఆరాధన అయ్యాక, కాలవగట్టు మీద టీ తాగుతూ మళ్లీ అదే వాదన. పరలోకంలో స్వేచ్ఛ ఉంటే పాపమూ రావచ్చు కదా?

అగస్టీన్ (తొలినాటి క్రైస్తవ వేదాంతి, 354–430): ఆదాము పాపం చేయకుండా ఉండగలడు, పరలోకంలో పాపం చేయనేలేం. అదే పెద్ద స్వేచ్ఛ.
ఓరిజెన్ (అంతకు ముందటి క్రైస్తవ వేదాంతి, 3వ శతాబ్దం): స్వేచ్ఛ పోదు. ఆత్మ మళ్లీ జారొచ్చన్న ఆలోచన ఆయన రాతల్లో ఉంది.

రిస్క్: మొదటిదాంట్లో సున్నా. రెండోదాంట్లో అక్కడికెళ్లినా టెన్షనే.

మూల్యం: అగస్టీన్ మాటలో ఎంపిక పోయినట్టుంటుంది. నాకలా అనిపించదు. దాళ్వా చేను పక్కన రెండు గేదెలు. ఒకటి పలుపుకి కట్టేసి ఉంది, ఇంకోటి కడుపునిండా మేసి నెమరేస్తోంది. చేలోకి రెండూ పోవు. అగస్టీన్ చెప్పేది రెండోదాని గురించే.

అయినవాళ్లని పోగొట్టుకుని భరోసా వెతికేవారికి అగస్టీన్. ‘దేవుడు బలవంతపెడతాడా?’ అనే కాలేజీ కుర్రాడితో మాత్రం ఓరిజెన్ దగ్గర మొదలుపెట్టండి.