జాగ్రత్త: లెక్కల గొడవలో ఉన్న టెక్ షేరు చవకని కొనేముందు గోడౌన్ లెక్క చూడండి

2024 అక్టోబర్ 30న, సర్వర్లు తయారుచేసే అమెరికా కంపెనీ సూపర్ మైక్రో కంప్యూటర్ షేరు ఒక్కరోజులోనే దాదాపు మూడోవంతు పడింది. అలా పడ్డ షేరు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. దయచేసి ఆగండి. అప్పటికే రెండు నెలల ముందు, ఆగస్టు 28న, అంతర్గత నియంత్రణలు (లెక్కల్లో తప్పులు దొర్లకుండా కంపెనీ పెట్టుకునే ఏర్పాట్లు) పరిశీలించుకోవడానికి ఇంకా సమయం కావాలంటూ కంపెనీ వార్షిక నివేదికను వాయిదా వేసింది. తర్వాత ఆడిటర్ ఎర్నెస్ట్ అండ్ యంగ్ తప్పుకుంది, షేరు పడింది ఆ వార్తకే. యాజమాన్యం చెప్పే మాటల మీద ఇక ఆధారపడలేమని, వాళ్లు తయారుచేసిన లెక్కలతో తమ పేరు కలపలేమని రాసి మరీ వెళ్లింది. ఆడిటర్ నోట ఇంతకన్నా గట్టి మాట రాదు.

అసలు చూడాల్సింది ఇన్వెంటరీ, అంటే ఇంకా అమ్ముడుపోని సరుకు, విడిభాగాల నిల్వ. 2023 జూన్ 30 నాటికి 145 కోట్ల డాలర్ల సరుకు ఉంటే, ఏడాది తిరిగేసరికి 433 కోట్లకు చేరింది. అమ్మకాలు రెండింతలైతే నిల్వ మూడింతలు. నిల్వను ఏడాది అమ్మిన సరుకు ఖర్చుతో భాగించి 365తో గుణించండి: దాదాపు 90 రోజుల నిల్వ 122 రోజులకు పెరిగినట్టు తేలుతుంది. పెద్ద ఆర్డర్ల కోసం ఖరీదైన చిప్‌లు ముందే కొనిపెట్టుకోవడం సర్వర్ల వ్యాపారంలో మామూలే, అదొక్కటే తప్పు కాదు. కానీ కొత్త తరం చిప్ వచ్చిందంటే పాతదాని విలువ కరిగిపోతుంది. ఆ ఏడాది నికర లాభం 115 కోట్ల డాలర్లు. వ్యాపారం నుంచి నగదు మాత్రం రాకపోగా దాదాపు 250 కోట్లు బయటికి పోయింది. ఎక్కువ భాగం గోడౌన్‌లోకీ, కస్టమర్ల బాకీల్లోకీ వెళ్లింది.

నివేదికలో ఇన్వెంటరీ నోట్ తెరిచి, విడిభాగాలెంత, తయారైన సరుకెంత అన్నది విడిగా చూడండి. తయారైన సరుకు అమ్మకాల కంటే వేగంగా పెరుగుతుంటే అది కదలడం లేదన్నమాట. రద్దు చేసుకోలేని కొనుగోలు ఒప్పందాలు బ్యాలెన్స్ షీట్‌లో కనపడవు, వేరే నోట్‌లో ఉంటాయి. 2001లో డిమాండ్ పడిపోయినప్పుడు నెట్‌వర్క్ పరికరాల కంపెనీ సిస్కో అదనపు నిల్వల కింద దాదాపు 225 కోట్ల డాలర్లు నష్టం రాసుకోవాల్సి వచ్చింది.

చాలామంది బోల్తా పడేది ఇంకోచోట. అమెరికా నియమాల ప్రకారం ఒకసారి విలువ తగ్గించి రాసిన సరుకును మళ్లీ పెంచి రాయకూడదు. అయితే సున్నాకు తెచ్చిన సరుకు తర్వాతి క్వార్టర్‌లో అమ్ముడుపోతే వచ్చిందంతా లాభంగానే కనిపిస్తుంది. అందుకే నష్టం రాసుకున్న వెంటనే మార్జిన్ ఎగబాకితే సంబరపడకండి, అందులో పాత సరుకు వాటా ఎంతో వెతకండి.

సరుకు గోడౌన్‌లోనే ఉండగా అమ్మకం రాసుకోవడం మరో ప్రమాదం. కస్టమర్ గట్టి కారణంతో అడిగి ఉండాలి, ఆ సరుకు విడిగా గుర్తించి ఉండాలి, పంపడానికి సిద్ధంగా ఉండాలి, ఇంకొకరికి మళ్లించే వీలుండకూడదు. నాలుగూ ఉంటేనే అది అమ్మకం. గోడౌన్లకు పంపి ఇంకా కస్టమర్‌కు చేరని సరుకును కూడా అమ్మకాల్లో కలిపినందుకు 2020 ఆగస్టులో ఇదే కంపెనీ అమెరికా మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీకి 1.75 కోట్ల డాలర్ల జరిమానా కట్టింది. ఆరోపణల్ని ఒప్పుకోలేదు, కాదనలేదు.

ఇంకో వైపు కూడా చెప్పాలి. యాజమాన్యం మోసం చేసినట్టు ఆధారాలు దొరకలేదని 2024 డిసెంబర్‌లో కంపెనీ వేసిన ప్రత్యేక కమిటీ తేల్చింది. 2025 ఫిబ్రవరిలో కొత్త ఆడిటర్ బీడీఓ అంకెలు సరిగ్గానే ఉన్నాయంది, అంతర్గత నియంత్రణల మీద మాత్రం ప్రతికూల అభిప్రాయం ఇచ్చింది. లెక్క సరిపోవడం వేరు, లెక్క కట్టే ఏర్పాటు సరిగా ఉండడం వేరు. 10-కె అనే వార్షిక నివేదికలో, ఈ నియంత్రణల గురించి చెప్పే 9ఎ భాగం ఇందుకే చదవాలి.

ముఖ్యమైన సంగతులు జరిగినప్పుడు కంపెనీ దాఖలు చేసే 8-కె ఫైలింగుల్లో 4.01 అంశం అంటే ఆడిటర్ మార్పు. 4.02 అంటే పాత లెక్కల్ని నమ్మొద్దని కంపెనీయే చెప్పడం, అది కనిపిస్తే అటువైపే వెళ్లకండి. వార్షిక నివేదిక ఆలస్యానికి నోటీసు ఇస్తే దొరికే గడువు 15 రోజులే. అదీ దాటిపోతే ఆడిట్ అయిన నివేదిక వచ్చేదాకా సగటు ధర తగ్గించుకుందామని మళ్లీ కొనకండి, అప్పు తెచ్చి అసలే కొనకండి. నివేదికలు సమయానికి ఇవ్వక 2018 ఆగస్టులో నాస్‌డాక్ స్టాక్ ఎక్స్ఛేంజ్ నుంచి బయటికెళ్లిన ఈ షేరు తిరిగి రావడానికి 2020 జనవరి దాకా పట్టింది.