ఉచిత ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్టా, కొన్నదా: ఏది మేలు?

నెల్లూరు ట్రంకు రోడ్డులో మిఠాయి కొట్టుకైనా, చీమకుర్తి నుంచి గ్రానైట్ ఎగుమతి చేసే కంపెనీకైనా వెబ్‌సైట్ పెట్టగానే వచ్చే ప్రశ్నే ఇది. సైట్ అసలైనదేనని బ్రౌజర్‌కు చెప్పి, మధ్యలో సాగే సమాచారాన్ని ఇతరులు చదవలేకుండా మార్చడానికి (ఎన్‌క్రిప్షన్) పనికొచ్చే డిజిటల్ పత్రమే ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్. సర్వర్‌లో మీరే కమాండ్ కొట్టే వీలుంటే లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ వాళ్లిచ్చే ఉచిత సర్టిఫికెట్టే మేలు. డబ్బు కట్టినంత మాత్రాన ఎన్‌క్రిప్షన్ గట్టిపడదు. ఈవీ సర్టిఫికెట్ (కంపెనీ వివరాలను క్షుణ్ణంగా పరిశీలించి ఇచ్చేది) కొంటే విదేశీ బయ్యర్‌కు నమ్మకమని అమ్మేవాళ్లు చెప్తారు గానీ, కంపెనీ పేరును అడ్రస్ బార్‌లో చూపించడం క్రోమ్ 2019లోనే మానేసింది. బయ్యర్ రాతపూర్వకంగా అడిగితే తప్ప ఆ ఖర్చు దండగ.

అసలు తేడా గడువులో ఉంది. ఉచితానికి 90 రోజులు. దాన్ని తెచ్చిపెట్టే సర్ట్‌బాట్ అనే ప్రోగ్రామ్ సుమారు 30 రోజులు మిగిలుండగా దానంతటదే రెన్యూ చేస్తుంది. కొన్నవాటికి ఇదివరకు 398 రోజులుండేవి. 2026 మార్చి 15 నుంచి గరిష్ఠం 200, 2027 మార్చి నుంచి 100, 2029 మార్చి నుంచి 47. ఏడాదికోసారి చేత్తో మార్చుకుందాంలే అనుకునే రోజులు పోయాయి. మూడేళ్ల ప్లాన్ కొన్నా మధ్యమధ్యలో కొత్త ఫైళ్లు ఎక్కించాల్సిందే.

ఉచితంలో తిప్పలు ఎక్కువగా మూడు చోట్ల వస్తాయి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ మీ సైట్‌ను సరిచూడటానికి వచ్చే దారి, అంటే 80వ పోర్ట్, ఫైర్‌వాల్‌లో మూసి ఉండటం ఒకటి. డీఎన్ఎస్‌లో (సైట్ పేరుకు సర్వర్ అడ్రస్ చెప్పే పట్టికలో) ఐపీవీ6 అనే కొత్త తరహా అడ్రస్ రికార్డు ఇంకా పాత హోస్టింగ్‌నే చూపించడం రెండోది. మీ బ్రౌజర్‌లో సైట్ బాగానే తెరుచుకుంటుంది కాబట్టి ఇది తొందరగా దొరకదు. ఇక మూడోది, ఫైలు కొత్తదొచ్చినా సైట్‌ను నడిపే ఎన్‌జింక్స్ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్‌ను రీలోడ్ చేయకపోవడం. గంటలో ఐదుసార్లు ఫెయిలైతే లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్లు కాసేపు ఆపేస్తారు కాబట్టి ముందు డ్రై రన్ (ఉత్తుత్తి పరీక్ష) చేయండి. గడువు ముగుస్తోందని వాళ్లు పంపే మెయిల్ 2025 జూన్‌లో ఆగిపోయింది, అలర్ట్ మీరే పెట్టుకోవాలి.

కమాండ్ లైన్ లేని, ఉచిత సర్టిఫికెట్ ఎక్కించుకోనివ్వని షేర్డ్ హోస్టింగ్ అయితే కొనక తప్పదు. అప్పుడు సీఎస్ఆర్‌తో (సర్టిఫికెట్ కోసం పంపే దరఖాస్తు ఫైలుతో) పాటు పుట్టిన ప్రైవేట్ కీని (మీ దగ్గరే ఉండాల్సిన రహస్య తాళంచెవిని) జాగ్రత్తగా దాచండి. కొత్త సర్టిఫికెట్‌కు పాత కీ తగిలిస్తే సర్వర్ మొరాయిస్తుంది. ఇక్కడే హ్యాష్ (ఎంత డేటానైనా ఒకే పొడవున్న ముద్రగా కుదించే లెక్క) పనికొస్తుంది: సర్టిఫికెట్ నుంచి, ప్రైవేట్ కీ నుంచి విడివిడిగా పబ్లిక్ కీని తీసి, రెండింటికీ షా-256 అనే హ్యాష్ లెక్కించండి. 64 అక్షరాలూ ఒకటే అయితే జోడీ సరైనది. ఇంటర్మీడియట్ సర్టిఫికెట్ (మీ సర్టిఫికెట్‌ను బ్రౌజర్ నమ్మే మూల సర్టిఫికెట్‌తో ముడిపెట్టేది) కలపడం మరిచిపోతే కంప్యూటర్‌లో క్రోమ్ బాగానే చూపిస్తుంది, కొన్ని ఫోన్లు, యాప్‌లే ఎర్రర్ ఇస్తాయి.

హ్యాష్‌లలో ఏది? ఫైలు మారిందా లేదా చూడటానికి షా-256. ఎండీ5 వద్దు, రెండు వేర్వేరు ఫైళ్లకు ఒకే హ్యాష్ వచ్చేలా చేయొచ్చని 2004లోనే తేలింది. కస్టమర్ల పాస్‌వర్డ్‌లు దాచడానికి మాత్రం షా-256 కూడా పనికిరాదు. అది మరీ వేగం, దొంగ సెకనుకు కోట్లకొద్దీ ఊహలు సరిచూసుకోగలడు. కావాలనే నిదానంగా నడిచే ఆర్గాన్2 గానీ బీక్రిప్ట్ గానీ వాడండి. బీక్రిప్ట్ 72 బైట్ల తర్వాత ఉన్నదాన్ని పట్టించుకోదు. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికి, గుణింతపు గుర్తుకు, పొల్లుకు తలా 3 బైట్లు, అంటే అలాంటివి 24తోనే సరి. తెలుగులో పొడవాటి పాస్‌వర్డ్ పెట్టుకోనిచ్చే సైట్‌కు ఆర్గాన్2 మేలు.